గడిలో ఇమడని పేరు



గత నెలలో మా సంఘ సభ్యులొకరు తమ కుమార్తెను వెంటబెట్టుకొని మా దుకాణమునకు వచ్చిరి. ఆ బాలిక 12వ తరగతి మంచి మార్కులతో ముగించి, విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టుకొనినది. ఆ దరఖాస్తు త్రోసివేయబడినట్లు వచ్చిన సమాచారమును చేతబట్టుకొని వారు వచ్చిరి. కారణమేమని విచారింపగా, బ్యాంకు ఖాతాలోని పేరునకును దరఖాస్తులోని పేరునకును పొంతన లేదని వ్రాసియున్నది.

పొంతన ఎట్లుండును? ఈ హోసూరు ప్రాంతమున అనేక తెలుగు కుటుంబములలోవలెనే వారికిని ఇంటిపేరు నోటి వాడుకలో కలదుగాని కాగితములలో లేదు. కాగితములలో తండ్రి పేరులోని మొదటి యక్షరము, ఒక చుక్క, పిమ్మట బాలిక పేరు, అంతియే. ఇంటర్నెట్టులోని ఫారమున 'ఇంటిపేరు' అను గడి కలదు. అందు ఒక్క యక్షరము వ్రాసినచో కనీసము మూడక్షరము లుండవలెనని ఎర్రని వ్రాత కనబడును. చుక్క పెట్టినచో ఆ చుక్క పెట్టిన క్షణముననే మాయమగును. ఖాళీగా విడిచినచో, క్రింద 'పంపుము' అను బటను బూడిదరంగున నిలిచి, ఎంత నొక్కినను కదలదు. గడువు ఆ సాయంకాలముతోనే ముగియుచుండెను. ఇంటర్నెట్ సెంటరు కుఱ్ఱవాడు "ఏం చేయమంటారండీ, కంప్యూటరు ఒప్పుకోవడం లేదు" అని, తండ్రి పేరు మొత్తము తెచ్చి ఇంటిపేరు గడిలో పెట్టి పంపివేసెను. ఆ పేరు గల బాలిక ఈ భూమిమీద లేదు. లేని బాలికకు వేతనమెట్లు వచ్చును?

'కంప్యూటరు ఒప్పుకొనుట లేదు' అను ఈ మాట నేడు మన ఊళ్ళలో తాలూకా కచ్చేరి మొదలు బ్యాంకు వరకు వినబడుచున్నది. విన్నవారు 'సరే, మన కర్మము' అని తలవంచుకొని మరలిపోవుచున్నారు. ఈ మాట అబద్ధమని చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. కంప్యూటరు దేనిని ఒప్పుకొనదు, దేనిని త్రోసిపుచ్చదు. ఒప్పుకొనవలదని ఒక మనుష్యుడు వ్రాసియుంచెను. యంత్రము ఆ వ్రాతను పాటించుచున్నది. మనుష్యుడు వ్రాసినదానిని మనుష్యుడు దిద్దవచ్చును.

మేము పదవ తరగతితో చదువు చాలించి వర్తకమున ప్రవేశించినవారము. యంత్రశాస్త్రము మాకు తెలియదు. కాని మా మేనల్లుడు బెంగుళూరులో ఇట్టి ఫారములు వ్రాయు ఉద్యోగమున నున్నాడు. అతడు ఆదివారము మా యింటికి రాగా ఈ విషయము అతని ముందుంచితిమి. "మామయ్యా, ఇందులో కంప్యూటరు తప్పేమీ లేదు. నాబోటివాడెవడో తొందరలో రాసిన ఒక్క వరుస ఇది" అని చెప్పి, ఆ ఫారము వెనుకనున్న వ్రాతను తెరచి చూపెను. అట్టి వ్రాత మన యంత్రమునకే వచ్చి, మన బ్రౌజరులోనే నడచును గనుక, తెరచి చదువ నేర్చినవారెవరైనను చదువవచ్చునట.

అతడు చెప్పినదానిని మాకు తెలిసినంతవరకు పాఠకులకు విన్నవించెదము. ఫారములోని గడులను అదుపుచేయుటకు జావాస్క్రిప్టు అను భాష కలదు. 1995లో నెట్‌స్కేపు కంపెనీలో బ్రెండన్ ఐక్ అను నాయన దీని తొలిరూపమును పది దినములలో కూర్చెను. ఆ కాలమున టెలిఫోను తీగలమీద నడచు ఇంటర్నెట్టు మిక్కిలి మందము. నింపిన ఫారము దూరముననున్న సర్వరునకు పోయి, తప్పున్నదని తిరిగివచ్చులోపల మనుష్యునకు విసుగు పుట్టును. కావున, ఖాళీగా విడిచిన గడిని, తప్పుగా కొట్టిన అంకెను, పంపకమునుపే మన యింటనే పట్టి చెప్పుట ఈ భాషకు అప్పగింపబడిన తొలి పనులలో నొకటి. 2014లో ప్రమాణముగా స్థిరపడిన హెచ్.టి.ఎం.ఎల్. ఐదవ కూర్పులో, స్క్రిప్టు లేకయే, గడి తప్పనిసరియని, ఇట్టి అక్షరములే ఉండవలెనని నిర్ణయించు సదుపాయములుకూడ చేరినవి.

ఈ పద్ధతిని మేము నిందింపము. మీదుమిక్కిలి, వర్తకులమైన మాకు దీనివలన ప్రతిదినము మేలు కలుగుచున్నది. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. వచ్చినది మొదలు 15 అక్షరముల సంఖ్యను దినమునకు ఎన్నిమార్లో కొట్టుచున్నాము. అందు మొదటి రెండంకెలు రాష్ట్రమును తెలుపును. తమిళనాడునకు 33, కర్ణాటకమునకు 29, మహారాష్ట్రమునకు 27, ఒడిశాకు 21, యానాము చేరియున్న పుదుచ్చేరికి 34. పిమ్మటి పది అక్షరములు పాన్ సంఖ్య. కడపటిది, ముందున్నవానిని లెక్కగట్టి సరిచూచుటకు పెట్టిన యక్షరము. వీనిలో ఒక్కటి తారుమారైనను ఫారము వెంటనే హెచ్చరించును. అది మాకు మేలే. లేనిచో ఒకరి పద్దు మరియొకరి ఖాతాలో పడును.

కాని యిక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. జి.ఎస్.టి. సంఖ్యను కల్పించినది ప్రభుత్వము. దాని ఆకారము ప్రభుత్వమునకు తెలియును. అది తప్పో ఒప్పో చెప్పు అధికారము ఫారమునకు కలదు. మన పేరును ప్రభుత్వము కల్పింపలేదు. అది తల్లిదండ్రులు పెట్టినది, తాతముత్తాతలనుండి వచ్చినది. ఇట్లుండిననే పేరు, అట్లుండిన పేరు కాదు అని నిర్ణయించు అధికారము గడికి ఎవరిచ్చిరి? పేరుగల మనుష్యుడు ఎదుట నిలిచి 'నా పేరు ఇది' అని చెప్పుచుండగా, 'కాదు, నీ పేరు చెల్లదు' అని చెప్పుటకు బటనునకు హక్కెక్కడిది?

మొదటి అన్యాయము పేరు విభజనలో నున్నది. మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అను మూడు గడులు పాశ్చాత్యుల ఆచారమునుండి వచ్చినవి. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. తమిళనాడున స్థిరపడిన మనలో అనేకులకు అది ఒక్క పొడియక్షరముగ మిగిలినది. షోలాపురములోని మన పద్మశాలి సోదరులలో పలువురు మరాఠీవారి పద్ధతినిబట్టి పెట్టినపేరు, తండ్రిపేరు, ఇంటిపేరు అను వరుస నవలంబించిరి. ఒకే వంశమువారు నాలుగు రాష్ట్రములలో నాలుగు విధములుగ వ్రాసికొనుచున్నారు. వెబ్బునకు ప్రమాణములు నిర్ణయించు డబ్ల్యు3సి సంస్థవారు లోకమందలి పేర్ల వైవిధ్యమును వివరించి, అవసరము లేనిచో పేరును ముక్కలు చేయవలదని ఫారములు వ్రాయువారికి సలహా చెప్పియున్నారు. ఆ సలహా ఉచితముగ దొరకుచున్నది, చదువువారే కొఱవడిరి.

రెండవ అన్యాయము అక్షరములలో నున్నది. ఏ నుండి జెడ్ వరకు గల ఇరువదియారు ఇంగ్లీషు అక్షరములు తప్ప తక్కినవన్నియు తుడిచివేయునట్లు అనేక ఫారములు వ్రాయబడుచున్నవి. తెలుగు లిపికి యూనికోడులో 1991నాటి మొదటి కూర్పుననే చోటు దొరకినది. మన చేతిఫోనులలో తెలుగు మీటలున్నవి. అన్నియు ఉండియు, గడిలో అక్షరము కొట్టగనే మాయమగుచున్నది. అన్ని భాషలకు చోటిచ్చితిమని చెప్పుకొను కొందఱు చేసిన పని ఇంకను చిత్రము. వారు 'అక్షరములు' అను వర్గమును మాత్రమే అనుమతించి, యూనికోడులో వేరు వర్గమున నున్న గుణింతపు గుర్తులను, పొల్లును మరచిరి. అట్టి గడిలో లక్ష్మి అని వ్రాసినచో 'లకషమ' అని మిగులును. కృష్ణ అని వ్రాసినచో 'కషణ' అగును. రామారావుగారు 'రమరవ'గారగుదురు. దీనికి మందు పెద్దది కాదు. అక్షర వర్గముతోపాటు గుర్తుల వర్గమునుకూడ చేర్చిన చాలును. 2018నాటి జావాస్క్రిప్టు ప్రమాణమునుండియు ఈ సదుపాయము కలదని మా మేనల్లుడు చెప్పెను. ఒక్క వరుసలో నాలుగైదు అక్షరముల మార్పు.

అక్షరముల లెక్కయు ఇట్లే యున్నది. 'లక్ష్మి' అను పేరు మన కంటికి రెండక్షరములు. యంత్రపు లెక్కలో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి, వెరసి ఏడు. ఇరువది యక్షరములకు మించరాదని గీత గీసినవాడు ఇంగ్లీషు పేరును తలచుకొని గీసెను. ఆ గీతలో తెలుగు పేరు సగములోనే తెగిపోవును.

మూడవ అన్యాయము యానాము సోదరులది. ఇది మేము కల్పించినది కాదు. తపాలా శాఖవారి పిన్ కోడు పట్టికలోనే యున్నది. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. కాని దాని పిన్ కోడు 533464. చుట్టునున్న గోదావరి ప్రాంతపు వరుసలోనిదే. ఇందు తపాలావారి తప్పేమియు లేదు. 1972లో ఆ సంఖ్యలు ఉత్తరములు చేర్చుటకు పెట్టినవిగాని రాష్ట్రములు నిర్ణయించుటకు పెట్టినవి కావు. అయితే ఫారములు వ్రాయువారు పిన్ కోడు మొదటి అంకెలను చూచి రాష్ట్రపు గడిని తామే 'ఆంధ్రప్రదేశ్' అని నింపి, ఆ గడికి తాళము వేయుచున్నారు. కొన్ని తాళములు గడిని చూపియు అందలి వ్రాతను సర్వరునకు పంపనే పంపవు. కొన్ని, మార్చనీయక, ఆ తప్పునే పంపును. యానామువాడు తన రాష్ట్రమేదో తాను చెప్పుకొనుటకు వీలు లేదు!

దీని ఫలితము వర్తకులకు బాగుగ తెలియును. కాకినాడ వర్తకుడు యానామునకు సరకు పంపినచో అది అంతర్రాష్ట్ర విక్రయము, ఐ.జి.ఎస్.టి. వేయవలెను. గడిలో 'ఆంధ్రప్రదేశ్' అని పడినచో రాష్ట్రములోపలి విక్రయముగ సి.జి.ఎస్.టి., ఎస్.జి.ఎస్.టి. పడును. తప్పు బయటపడినపుడు సరియైన పద్దున మరల కట్టి, తప్పు పద్దున కట్టినదానిని వాపసు కోరుకొనవలెను. అంతవరకు చిన్న వర్తకుని పెట్టుబడి ఇరుక్కొనియుండవలసినదే. గడికి తాళము వేసినవాడు తన జీతము తాను తీసికొనుచున్నాడు.

నాలుగవది అన్నిటికంటె గొప్ప అన్యాయము. 'మాతృభాష' అను గడిలో వ్రాయుటకు వీలుండదు, జాబితానుండి ఏరుకొనవలెను. కొన్ని ఫారములలో ముందు రాష్ట్రమును ఏరుకొనినచో, స్క్రిప్టు ఆ రాష్ట్రమునకు తగునని తాను తలచిన భాషలను మాత్రమే జాబితాలో నింపును. అందు తెలుగు లేకున్న 'ఇతరములు' అని ఏరుకొనవలెను. 2011 జనాభా లెక్కల ప్రకారము 8 కోట్ల 11 లక్షలమంది మాతృభాషయైన తెలుగు, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో మొదటినుండియు ఉన్న తెలుగు, మన ఊరి గడిలో 'ఇతరములు' అయినది. ఈ గడులనుండియే లెక్కలు పుట్టును. రేపు మన బడిలో తెలుగు ఉపాధ్యాయుని ఇమ్మని అడిగినపుడు, 'తెలుగు పిల్లలెందఱు?' అని వారడుగుదురు. లెక్కలో సున్న యుండును. రాజ్యాంగపు 350-ఎ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించు సదుపాయములకై పాటుపడవలెనని చెప్పుచున్నది. జాబితాలో లేని పిల్లలకు ఏ అధికరణము అక్కఱకు వచ్చును?

ఇక ప్రతివాదులు చెప్పు మాటలను విచారింతము. 'ఇది రక్షణకొఱకు, దుర్మార్గులు గడులలో హానికరమైన వ్రాతలు పెట్టుదురు' అని కొందఱందురు. ఈ వాదము నిలువదు. మన బ్రౌజరులో నడచు స్క్రిప్టును తెలిసినవాడు నిలిపివేయగలడు. ఫారము లేకయే సర్వరునకు వ్రాతను పంపగలడు. కావున అసలు పరీక్ష సర్వరువద్దనే జరుగవలెనని ఈ వృత్తిలోని వారందఱికి తెలిసినదే. గడివద్దనున్న కావలి దొంగను ఆపదు. ఆ ఎర్రని వ్రాత చూచి ఆగిపోవునది మన బాలికవంటి అమాయకులే.

'సర్వరులో తెలుగునకు చోటు లేదు' అని మరికొందఱందురు. యూ.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో తెలుగు అక్షరమొకటికి మూడు బైట్లు పట్టును. 'లక్ష్మి'కి ఇరువదియొక్క బైటు. ఒక్క ఫొటోకు లక్షల బైట్లు ఇచ్చువారు ఒక పేరునకు ఇరువదియొక్క బైటు ఈయలేరా?

'తెలుగున వ్రాసినచో మా గుమాస్తా చదువలేడు' అను మాటలో కొంత న్యాయమున్నది. ఆ న్యాయమును మేము కాదనము. ఈ రాష్ట్రమున తరతరములుగ నున్నవారము. తమిళము చదివితిమి, తమిళమున వ్యాపారము చేయుచున్నాము. కన్నడము, ఒడియా, మరాఠీ విషయమున మన సోదరులును అట్లే యున్నారు. ఇరుగుపొరుగు భాషను తీసివేయుమని మేమడుగుట లేదు. దాని ప్రక్కన మన పేరునకు మరియొక గడి ఇమ్మనుచున్నాము. ఫిర్యాదు ఫారములలోనైతే ఇది కోరిక కాదు, హక్కు. తన కష్టమును కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను విన్నవించుకొనవచ్చునని 350వ అధికరణము చెప్పుచున్నది. రాజ్యాంగమిచ్చినదానిని ఒక గడి తుడిచివేయుట తగదు.

సోదరులారా, పరుల తప్పులు చెప్పితిమి. మన తప్పులును చెప్పవలెను. ఇంటిపేరు గడి మొండికెత్తినపుడు పెట్టినపేరునే రెండుమార్లు వ్రాసి పంపువారు మనలో లేరా? 'ఎక్స్, ఎక్స్, ఎక్స్' అని నింపి, అదే పేరు కార్డుమీద అచ్చుపడగా నవ్వుకొనినవారు లేరా? మాతృభాష గడిలో తెలుగు కనబడుచుండగనే, 'ఎందుకు వచ్చిన గొడవ' అని రాష్ట్రభాషను ఏరుకొనినవారు ఎందఱు? మరియు ఒక మాట. ఇట్టి ఫారములు వ్రాయు పనిలో బెంగుళూరు, చెన్నపట్నము, పూనా, హైదరాబాదు నగరములలో మన పిల్లలే వేలకొలదిగ నున్నారు. లకషమ యను గడిని వ్రాసినవాడు లక్ష్మి కుమారుడే కావచ్చును. ఇంతకాలము తన ఫారములను ఎన్నడును తెలుగు పేరుతో పరీక్షించి చూడలేదని మా మేనల్లుడు మాయెదుట ఒప్పుకొనెను. అట్టివారిని నిందించి ఫలము లేదు. పండుగకు ఇంటికి వచ్చినపుడు తాతగారి పేరు వారి ఫారములోనే కొట్టి చూడుమని ప్రతి తల్లియు, తండ్రియు అడుగవలెను.

ఫారములు నడపు కచ్చేరులను, బ్యాంకులను, కంపెనీలను మేము కోరునవి ఐదు. ఒకటి: పేరునకు ఒకే గడి యుండవలెను, విడదీయక తప్పనిచో ఇంటిపేరు తప్పనిసరి కారాదు, ఒక్క యక్షరమును చెల్లవలెను. రెండు: చుక్కను, ఖాళీని, మన లిపియందలి గుణింతములను, ఒత్తులను తుడిచివేయరాదు. మూడు: పిన్ కోడునుబట్టి రాష్ట్రమును నింపినను దానికి తాళము వేయరాదు. నాలుగు: ఏ రాష్ట్రమును ఏరుకొనినను మాతృభాషల జాబితాలో ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలును కనబడవలెను. ఐదు: పేరు విషయమున గడి హెచ్చరింపవచ్చునుగాని ఆపరాదు. 'ఇదియే నా సరియైన పేరు' అని చెప్పి ముందునకు సాగు దారి యుండవలెను.

సభ్యులకు మా విజ్ఞప్తి యిది. ఫారము మీ పేరును నిరాకరించినచో పేరును మార్చి పంపకుడు. ఎర్రని వ్రాత కనబడుచుండగనే ఆ తెరను ఫొటో తీసి, తేదీ, వేళ, ఏ ఫారమో వ్రాసి, సంఘ కార్యాలయమున ఈయుడు. గడువు ముగియుచున్నచో అదేదినమున విషయమును వ్రాతమూలకముగ ఆ కచ్చేరికి తెలిపి రసీదు పుచ్చుకొనుడు. శాఖలవారు ఇట్టివానిని కూర్చి పంపినచో, సంబంధించిన అధికారులకును, 350-బి అధికరణము ప్రకారము ఏర్పడిన భాషా అల్పసంఖ్యాకుల ప్రత్యేకాధికారికిని మహజరులు పంపుదుము. ఒకరి ఫిర్యాదు చెత్తబుట్టలో పడవచ్చును. నూఱు ఫొటోలతో వచ్చిన మహజరును త్రోసివేయుట అంత సులభము కాదు.

ఆ బాలిక పేరు, బ్యాంకు పేరు ఒక్కరివేయని ప్రమాణపత్రము వ్రాయించి, దరఖాస్తును మరల పంపితిమి. స్టాంపు కాగితమునకు, నోటరీకి, రెండుమార్లు ప్రయాణమునకు ఆమె తండ్రికి రెండు దినముల కూలి పోయినది. వేతనము విషయము ఇంకను తేలలేదు. తేలినపుడు ఈ పత్రికలోనే తెలియజేసెదము.